నలుగురూ సరే అంటేనే

భాస్కర్ పట్టు పట్టాడు. కంపెనీలో తిరుపతి ఉంటే ఇక పైసా కూడా పెట్టనన్నాడు.

పెట్టుబడిదారుడి కోపానికి కారణం ఉంది. దవాఖానల్లో క్యూ ఎంతుందో చూపించే యాప్ వాళ్లది. అందులోని రోగుల వివరాలు మందుల కంపెనీలకు అమ్ముదామని అతను అడిగిన ప్రతిసారీ తిరుపతి వద్దంటాడు. తిరుపతి ఒక్కడు వద్దంటే చాలు, అక్కడికి ఆగిపోతుంది. ఆ కంపెనీ కట్టుబాటే అంత.

ఆ కట్టుబాటు రాసింది రోహిణి. ఎకనామిక్స్ చదివిన పిల్ల కదా, ఊరికే ఊరుకుంటుందా. నానక్‌రామ్‌గూడలో తిరుపతి వాళ్ల మేడ మీద రేకుల గదిలో నలుగురు స్నేహితులూ కంపెనీ పెట్టిన రోజున పెద్ద ఉపన్యాసమే ఇచ్చింది. ముగ్గురు కలిసి నాలుగోవాణ్ణి మింగేసి దానికి మెజారిటీ అని పేరు పెడతారట. దేశానికైనా దుకాణానికైనా రాజ్యాంగం రాసేది ఆ నాలుగోవాడి కోసమేనట. అందుకే పెద్ద నిర్ణయం ఏదైనా నలుగురూ సరే అంటేనే. ఒకరిని బయటికి పంపాలన్నా ఆ ఒకరూ సరే అనాల్సిందే.

"గట్లయితే నన్నెవ్వరూ పీకలేరన్నట్టు," అని తిరుపతి నవ్వాడు.

ఇప్పుడు కోకాపేటలో అద్దాల ఆఫీసు. భాస్కర్ ఎదురుగా కూర్చుని, తిరుపతిని తప్పించడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు.

అవినాష్ ఎత్తాడు. జశ్వంత్ ఎత్తాడు. రోహిణీ ఎత్తింది. ముగ్గురూ బల్లకేసే చూస్తున్నారు.

తిరుపతి ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయాడు. తన తల్లి కొమురమ్మ చేసిన సర్వపిండి కోసం కొట్లాడుకున్న చేతులవి.

వద్దు అన్న ఒక్క మాట చాలని అతనికీ తెలుసు. కానీ వద్దని, ఉండి, ఎవరి మధ్య ఉండాలి?

అతనూ చెయ్యెత్తాడు. "నేను కూడా సరే."

రోహిణి చటుక్కున తలెత్తింది. భాస్కర్ అప్పటికే కాగితాలు ముందుకు జరిపాడు. తిరుపతి చదవకుండానే సంతకం పెట్టేశాడు.

"జర ముందుగాల్నే ఒక్క మాట చెప్తే నేనే పోతుంటి గద, రోహిణీ," అని లేచాడు.

వెనక నుంచి ఎవరో పిలిచారు. ఆగలేదు. కిందికి దిగి, ఫోన్ ఆపేసి, షేర్ ఆటోలో ఓ మూల కూర్చుని మొహం అటు తిప్పుకున్నాడు. పక్కనున్న పెద్దావిడ ఏమైంది బిడ్డా అని అడిగింది.

పైన ముగ్గురు స్నేహితులూ, "భాస్కర్ నోరు మూయించడానికి మేం ఉత్తుత్తినే చేతులెత్తుతాం, నువ్వొక్కడివి వద్దంటే చాలు, ఏ ఢోకా ఉండదు అని తిరుపతికి నువ్వు చెప్పావనుకున్నా" అంటే "నువ్వు చెప్పావనుకున్నా" అనుకుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.