భీమయ్య డోలు

"కట్!" అని జెబా తల పట్టుకుంది.

ఈసారి కోడి కాదు. జామాయిల్ దుంగల లారీ ఒకటి ఇల్లు అదిరేలా సారపాక దిక్కు పోయింది.

"జావీద్! మళ్లీ మొదటి నుంచి."

కెమెరా వెనక భర్త నిట్టూర్చాడు. మంచంలో కూర్చున్న ముత్తక్క బోసినోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. జెబా "జావీద్" అన్నప్పుడల్లా ముసలమ్మకు అదే నవ్వు. ఎందుకో తెలియక జెబాకు ఒళ్లు మండుతోంది.

నూరేళ్లు దాటినవాళ్ల జ్ఞాపకాల మీద డాక్యుమెంటరీ అది. పెళ్లయిన నెలకే మొగుణ్ని వెంటేసుకుని అడవి ఊళ్లు పట్టింది జెబా. కరువులు, పులులు, జాతరలు అన్నీ దొరికాయి, పెళ్లి ముచ్చట తప్ప. అది చెప్తామన్న ఇద్దరు ముసలివాళ్లూ కెమెరా చేరేలోపే కన్నుమూశారు. ఇక మిగిలింది ముత్తక్క ఒక్కతే. ఈమె చెప్పకపోతే ఇన్నాళ్ల తిరుగుడంతా వృథా.

"అవ్వా, తాత సంగతి చెప్పు. నిన్నెట్ల చూసుకునేటోడు?"

ముత్తక్క పొగాకు నలిపి బుగ్గన పెట్టుకుంది. తర్వాత కళ్లు మెరిశాయి.

"భీమయ్య... వాగు పొంగితే నన్ను భుజాల మీద ఎక్కిచ్చుకొని దాటిచ్చిండు. నేనడిగిన్నని తేనెపట్టు తెచ్చిండు. మొకమంత ఉబ్బి, కండ్లు కనవడకుంట వచ్చిండు, పిచ్చోడు."

వెనక ధన్‌మని బిందె పడింది.

"శ్యామలా!" అని అరిచింది జెబా.

ముత్తక్క మనవడి భార్య శ్యామల పరుగున వచ్చింది. "అవ్వకు మతి తప్పింది మేడం, ఆమె మాటలు పట్టుకోకుండ్రి. తాత ముచ్చట నేను చెప్త. ఊరికి పెద్దమనిషి..."

"నీకు నూరేండ్లు నిండినయా?"

"లేదు మేడం."

"మరి సప్పుడు చెయ్యకు తల్లీ, దండం పెడ్త!"

శ్యామల గొణుక్కుంటూ పొయ్యి దగ్గరికి పోయింది. ఎండ దిగిపోతోంది. బ్యాటరీ లైటు ఎర్రగా మిణుకుతోంది.

"పెండ్లినాటి సంగతి జల్దీ చెప్పవ్వా, చీకటైతంది."

"పెండ్లినాడా? భీమయ్య డోలు కొట్టిండు. తెల్లందాంక కొట్టిండు. వేళ్లు పగిలి నెత్తురు కారినా ఆపలే."

జెబా చికాకంతా ఒక్క దెబ్బకు ఎగిరిపోయింది. తన పెళ్లికి తానే డోలు కొట్టిన పెళ్లికొడుకు!

"చూసినవా?" అని జావీద్‌ను గిల్లింది. "నువ్వైతే మన నిఖాల ఫోన్ చూసుకుంట కూసున్నవ్."

"బిర్యానీ ఎక్కడిదాంక వచ్చిందో కనుక్కున్న!"

జెబా నవ్వుతూ ముసలమ్మ వైపు తిరిగింది. "ఇదే ఆఖరు అవ్వా. కెమెరా దిక్కు చూసి మీ ఆయన పేరు ఒక్కసారి చెప్పు, చాలు."

ముత్తక్క నాలుక కరుచుకుంది.

"మొగని పేరు ఈ నోటెంట ఏనాడన్న అన్ననా బిడ్డా?"