గొంతులో కప్ప

"ఇవాళ కొంచెం జబ్బుపడు," అన్నాడు భర్త.

ఫోన్ మోగుతోంది. కోడలు పొయ్యి ఆపి, తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని, అత్తగారి కుర్చీలో కూర్చుంది. గొంతు సవరించుకుంది. సవరించుకున్న గొంతుని మళ్లీ బొంగురు చేసుకుంది.

అత్తగారు పోయి నెల దాటింది. ఫోన్ చేస్తున్నావిడ అత్తగారి అక్క. వేరే ఊళ్లో కూతురి దగ్గర ఉంటోంది. ఆవిడకి ఈ సంగతి తెలియదు. అత్తగారికి ఒకసారి పక్షవాతం వచ్చి తగ్గితే, ఆవిడకి గుండె ఆపరేషన్ అయింది. జబ్బుల్లోనూ అక్కాచెల్లెళ్లది పోటీయే. చెల్లెలు లేదని వింటే ఆ గుండె తట్టుకోదు.

పోనీ ఆవిడ కూతురికి చెబుదామా అంటే, ఆ వదిన నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున చెబితే మధ్యాహ్నానికల్లా తల్లి చెవిన పడుతుంది. పాత చుట్టాలంతా రాలిపోయాక, ఆ రెండిళ్లకీ మధ్య మిగిలింది ఈ ఫోనొక్కటే. అందుకని అటువైపు ఎవరికీ చెప్పలేదు.

అత్తగారు పోయిన వారమంతా అటునుంచి ఫోనే రాలేదు. అదొక అదృష్టం అనుకున్నారు. ఆ తర్వాత మోగితే కోడలే ఎత్తింది. "బుల్లీ" అన్న పిలుపు వినేసరికి నిజం గొంతులోనే ఆగిపోయింది. "ఊఁ, అక్కా" అనేసింది.

"గొంతేంటే అలా ఉంది?"

ఎదురుగా గోడ మీద క్యాలెండర్ కనిపించింది. "ఫ్రాగ్ ఇన్ ద థ్రోట్," అంది కోడలు.

"గొంతులో కప్ప! బొంగురుపోయిందన్నమాట. నాకూ అదే కప్ప పట్టుకుందే. ఫోన్‌లోంచి దూకినట్టుంది."

అక్కాచెల్లెళ్ల ఆట అది. చివరిసారి అక్కని బస్సెక్కించేటప్పుడు, ఏం మాట్లాడాలో తోచక, అత్తగారు మందుల షాపులో ఇచ్చిన క్యాలెండర్ ఒకటి ఆవిడ సంచిలో కుక్కింది. అలాంటిదే ఇంకొకటి తన గోడకి తగిలించుకుంది. కాగితానికో ఇంగ్లీషు నానుడి, తెలుగు అక్షరాల్లో. అన్నీ జబ్బుల మీదా మందుల మీదా పుట్టినవే. ఆ రోజు నుంచీ ఎవరి ఒంటి సంగతి వాళ్లు ఇంగ్లీషులో చెప్పాలి, అవతలి మనిషి దాన్ని తెలుగులో విప్పాలి. బడి మొహం సరిగ్గా చూడని ఇద్దరు ముసలమ్మలు, "ఫిట్ యాజ్ ఎ ఫిడిల్" కాగితం చూసి, ఫిడేలుకీ ఆరోగ్యానికీ ఏమిటి సంబంధమని గంటలకొద్దీ పోట్లాడుకునేవాళ్లు.

ఇప్పుడు కోడలిని గట్టెక్కించింది ఆ ఆటే. అదివరకు ఆ అక్కగారు చిన్ననాటి సంగతులు తవ్వి తవ్వి పోసేది. ఈమధ్య ఆ తవ్వకాలు లేవు. ఆట ఆడుతుంది, జాగ్రత్తలు చెబుతుంది, పెట్టేస్తుంది. కోడలు బతికిపోయింది.

అయినా ఎన్నాళ్లని?

"ఒక్కసారిగా చెబితే కదా గుండె ఆగేది," అన్నాడు భర్త. "అమ్మని మెల్లమెల్లగా మంచాన పడేద్దాం. ఆ తర్వాత చెబితే ఆవిడ తట్టుకుంటుంది."

"పోయినావిడకి మళ్లీ జబ్బేంటండీ, మీ మొహం!" అంది కానీ, ఇంకో దారి ఆమెకీ తోచలేదు.

ఫోన్ ఎత్తింది.

"ఎలా ఉన్నావే బుల్లీ?"

"అండర్ ద వెదర్, అక్కా."

"ఒంట్లో నలతా? నేనూ దాని కిందే ఉన్నానే."

మరుసటి వారం కోడలు ఇంకో మెట్టు దిగింది. "ఆఫ్ కలర్" అంది.

"రంగు వెలిసిపోయిందా! నా రంగూ దిగిపోయింది తల్లీ. అద్దంలో చూసుకోలేకపోతున్నా."

"ఈవిడకీ ఏదో అవుతోందండీ," అంది కోడలు ఫోన్ పెట్టేసి. భర్త మాత్రం, "వయసు కదా, ఏదో ఒకటి ఉంటుంది. నువ్వు కానియ్," అన్నాడు.

ఆపై వారం ఆమె కళ్లు గట్టిగా మూసుకుని అనేసింది: "వన్ ఫుట్ ఇన్ ద గ్రేవ్."

అవతల ఏదో గిన్నె జారిపడిన చప్పుడైంది.

"అక్కా?"

"ఒక కాలు గోతిలో ఉందా..." అంది బొంగురు గొంతు. "నాదీ ఒక కాలు అక్కడే ఉందే, బుల్లీ."

కోడలు ఫోన్‌కి చెయ్యి అడ్డుపెట్టింది. "ఏవండీ! ఈవిడ కూడా పోయేలా ఉంది!"

"తీసెయ్, తీసెయ్! అమ్మ కాలు బయటికి తీసెయ్!" అంటూ భర్త గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, అది మొన్నటి మాట. కొత్త డాక్టరొచ్చి మందు మార్చాడు. ఇప్పుడు... ఆన్ ద మెండ్!"

అవతల పెద్ద నిట్టూర్పు. "కోలుకుంటున్నావా? నిజంగానేనా? అబ్బ, ఆ మాట చెప్పవేం! నేనూ ఆన్ ద మెండే. నీ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. వేళకి మందులేసుకో తల్లీ."

"నువ్వూ అంతే, అక్కా."

ఫోన్ పెట్టేశాక కోడలు ఆ కుర్చీలోంచి వెంటనే లేవలేకపోయింది. కళ్లు తుడుచుకుంటూ, "నా నోటితోనే ఆవిడని చంపేసేదాన్ని," అంది.

భర్త గోడ మీది క్యాలెండర్ కాగితం సరిచేశాడు. "ఇక అమ్మ పోదు," అన్నాడు. "ఆవిడ ఉన్నన్నాళ్లూ అమ్మ ఉంటుంది."

అవతలి ఊళ్లో, నోట్లో నువ్వుగింజ నానని వదిన బొంగురు గొంతు వదిలేసి, ఫోన్ పక్కన పెట్టి, తల్లి ఖాళీ మంచం మీద దుప్పటి సర్దుతూ భర్తతో అంది: "పిన్ని గండం గడిచిందండీ, ఇక అమ్మ పోయిన సంగతి ఎప్పటికీ చెప్పొద్దు."