చలిమిడి మూట

చలిమిడికి పిండి దంచుతున్న పెళ్ళాం చేతిలోంచి రోకలి లాక్కుని, తవిటినాయుడు అల్లుడి భుజం మీద ఒక్కటిచ్చాడు. జగదీష్ తను తెచ్చిన అరటిగెలతో సహా వాకిట్లో బోర్లాపడ్డాడు. రెండో దెబ్బకి వాడి బండి లైటు పిండైపోయింది. నాయుడికి కోపమొస్తే గరివిడి రైలు కూడా పట్టాలు దిగి దారిస్తుందని ఊళ్ళో అంటారు. అన్నది నాయుడే.

"రేపు సీమంతమెట్టుకుని, కడుపుతో ఉన్న పిల్లని కొడతావేటిరా!"

"ఒక్క దెబ్బే కద మావా!" నెత్తురు ఉమ్మాడు జగదీష్.

అరుగు మీద రంగుకాగితాలతో పువ్వులు చేస్తున్న కూతురు హేమలత, జారిన పమిట గబగబా సర్దుకుంది. ఆమె మెడ మీద ఐదు వేళ్ళూ అచ్చుపడి ఉన్నాయి.

నాయుడు రోకలి మళ్ళీ ఎత్తాడు. "ఒసే గౌరీ, నోరు మూసుకుని ఏటి సూస్తన్నావే?"

"నా సీమంతం నాడు మా నాన్న సేతిలో రోకలుంటే నువ్వెక్కడుందువా అని సూస్తన్నాను."

రోకలి గాలిలోనే ఆగిపోయింది.

"నువ్వు నన్ను కొడితే, మా నాన్న నీకే దండమెట్టి, సలిమిడి మూటగట్టి, నీ ఎనకాలే పంపేసాడు." గౌరమ్మ లేచి కూతురి చెయ్యి పట్టుకుంది. "ఇది ఎల్లదు. సీమంతం, పురుడు అన్నీ ఇక్కడే. తర్వాత సంగతి ఇదే సెప్తాది."

తల్లీకూతుళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. వాకిట్లో మగాళ్ళిద్దరూ తలలు దించుకుని మిగిలారు. అందులో దెబ్బ తిన్నవాడెవడో దారిన పోయేవాడెవడూ చెప్పలేడు.