తప్పు లేకుండా ఏడు వరుసలు

“ఐదో వరుస?”

“ద, మ, ర, క, ప.”

“ఆరు?”

“న, ట, గ... ఉండవే, నోట్లోనే ఆడుతోంది... వ, స, ల.”

“నోట్లో ఆడితే మార్కులు వెయ్యరక్కా. గడగడా రావాలి,” అంది తోడికోడలు, అరచేతిలో రాసుకున్న అక్షరాలు చూసుకుంటూ.

ఆడవాళ్ళ వరుస వరండా దాటి మెట్ల దాకా వచ్చింది. నిన్న మగవాళ్ళ వంతు, ఇవాళ ఆడవాళ్ళది. దాంతో ట్రస్టువాళ్ళ కంటి శిబిరం ఆఖరు. ఎండ అప్పుడే కిటికీల్లోంచి లోపలికి దూసుకుపోతోంది. గదిలో పొద్దుట్నుంచీ బల్లలు ఈడుస్తున్న చప్పుడు.

అక్క పాతికేళ్ళుగా దర్జీ దుకాణంలో కాజాలు కుడుతోంది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ కాజాలక్కే. ఏడాదిగా ఆవిడ కళ్ళకి లోకమంతా పొగమంచు. అదే దుకాణంలో మిషను తొక్కే తోడికోడలు రోజూ పొద్దున్నే ముప్పై సూదులకి దారాలెక్కించి, చిన్న దిండుకి గుచ్చి అక్క చేతికిచ్చేది. చేతివాటంతో కొన్నాళ్ళు గుట్టు దాగింది. పోయినవారం ఒక పెద్దమనిషి చొక్కాకి గుండీలది ఒక దారి, కాజాలది ఒక దారి అయింది. దుకాణం మాస్టరు కేకలెయ్యలేదు. “నెలాఖరు దాకా చూద్దాం అక్కా,” అన్నాడు మెల్లిగా. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రమే దుకాణం తలుపు మీద కాగితం కనిపించింది. ‘కంటి పరీక్షలో ఎంపికైన ఇరవై మందికి ఉచితంగా ఆపరేషన్.’

పరీక్షంటే ఏమిటో తోడికోడలికి ఒకరు చెప్పక్కర్లేదు. పోయినేడు ఇదే ట్రస్టు పెట్టిన పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకునే ఆమె కూతురు కాలేజీలో చేరింది. అందుకే నిన్న మొగుడికి లేని కంటినొప్పి తెప్పించి శిబిరానికి లాక్కొచ్చింది. వెనకాల నిలబడి, గోడకున్న అక్షరాల పలక మీది ఏడు వరుసలూ అరచేతిలోకి ఎక్కించుకుంది. మూడో వరుసలోనే తడబడిన ఆ మహానుభావుణ్ణి మళ్ళీ రమ్మన్నారు. తప్పినవాళ్ళు మళ్ళీ రాయాలి కాబోలనుకుంది.

“పలక ఎక్కడుంటుందన్నావే?” అంది అక్క.

“తలుపు దాటగానే ఎదురుగోడకి. తెల్లగా ఉంటుంది. అటు చూస్తూ మొదలుపెట్టెయ్. వాళ్ళు అడిగేదాకా ఆగకు.”

“తప్పితే?”

“తప్పవు.”

“తప్పితే మాస్టరు మొహం ఎలా చూడనే?”

తలుపు తెరుచుకుంది. ఆయా అక్క చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. తోడికోడల్ని మాత్రం గడప దాటనివ్వలేదు. అదే తలుపులోంచి కూరలమ్మే ఆవిడ నవ్వుకుంటూ బయటికొచ్చింది.

“ఎలా అయింది పిన్నీ?” అంది తోడికోడలు.

“దివ్యంగా! ఏడు వరుసలూ చదివేశాను.”

“అయితే ఆపరేషన్ నీకే!”

“నాకెందుకమ్మా? చూపు బంగారంలా ఉంది, ఇంటికి పొమ్మన్నారు.”

“అన్నీ చదివినవాళ్ళకి కాదూ ఇచ్చేది?”

కూరలావిడ ఆమెని ఎగాదిగా చూసింది. “చదవలేనివాళ్ళకమ్మా! బాగా కనిపించేవాళ్ళకి కళ్ళు కోస్తారా ఎక్కడైనా?”

మొగుణ్ణి మళ్ళీ ఎందుకు రమ్మన్నారో తోడికోడలికి అప్పుడు తెలిసింది. పరుగున వెళ్ళి తలుపు బాదింది.

“మధ్యలో దూరకూడదమ్మా,” అంది ఆయా లోపల్నుంచే.

“ఒక్క మాట చెప్పి వచ్చేస్తాను!”

“పరీక్ష అయ్యాక చెప్పుకో.”

అప్పటికే అక్క గొంతు ఖంగున మోగుతోంది. “గ! ర, ప! ట, వ, న!”

ఒక్క అక్షరమైనా తప్పు చదువు తల్లీ అని తోడికోడలు తలుపుకి తల ఆనించి మొక్కుకుంది. నాలుగో వరుస అయింది. ఐదు అయింది. ఆరో వరుస గుక్క తిప్పుకోకుండా వచ్చేసింది. ఏడోది పూర్తయ్యేసరికి, అంత బాగా నేర్పిన తన నోటిని తనే కుట్టేసుకోవాలనిపించింది. ఇక అక్క పని పోతే దానికి కళ్ళు కాదు, తన తెలివితేటలే కారణం.

మెట్ల దాకా వెళ్ళి, మళ్ళీ తలుపు దగ్గరికే వచ్చింది.

చివరికి తలుపు తీసుకుని అక్క బయటికొచ్చింది. చేతిలో పచ్చ చీటీ, మొహంలో ఏనుగెక్కినంత సంబరం.

“పాసయ్యానే! డాక్టరుగారు కళ్ళల్లోకి లైటు వేసి చూసి, మొదటి చీటీ నాకే రాయించారు!”

తోడికోడలు చీటీ లాక్కుని చదివింది. రెండు కళ్ళలోనూ ముదిరిన శుక్లాలు. మొదటి ఆపరేషన్ ఎల్లుండి. ఇంటికే వ్యాను, మందులు, భోజనం, కళ్ళద్దాలు, అన్నీ ట్రస్టువే. మరోసారి చదివింది. మెట్టు మీద కూలబడి, అక్కనీ పక్కకి లాగి కూర్చోబెట్టి, ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని భోరుమంది.

“పాసైతే ఏడుస్తావేమే పిచ్చిదానా? రేపట్నుంచి నా సూదులు నేనే ఎక్కించుకుంటా. రేపు కాకపోతే వచ్చే నెల.”

ఆ మాటకి ఏడుపులోంచే నవ్వొచ్చింది. అయినా ఆమె మనసు ఊరుకోలేదు. కళ్ళు పరీక్షించే అమ్మాయి మంచినీళ్ళకని బయటికొస్తే పక్కకి పిలిచింది.

“మా అక్క అన్నీ సరిగ్గా చదివింది కదమ్మా?”

“ఒక్క తప్పు లేదండీ. డాక్టరుగారూ నేనూ నోరెళ్ళబెట్టి విన్నాం.”

“మరి చీటీ ఎలా ఇచ్చారు?”

ఆ అమ్మాయి అక్క వైపు చూసి, గొంతు తగ్గించింది.

“ఎండ పడుతోందని పొద్దున పలకని ఇవతలి గోడకి మార్చాం. ఆవిడ చదివినంతసేపూ అది ఆవిడ వీపు వెనక ఉందండీ.”