తద్దినపు గిన్నె

ఎనిమిదో నెల పన్నెండో రోజు పొద్దున్నే అమ్మ చేసిన చేపల గంజి రెండు గిన్నెలు తాగి, "నీ చేతి వంట తిన్నాక చావొచ్చినా ఫర్వాలేదే" అని నవ్వుతూ నాన్న పడవెక్కాడు. పద్దెనిమిదేళ్లుగా కుయెన్ వింటున్న మాట ఇది. అప్పటికి ఆమెకు రెండేళ్లు. ఆ ఏటి వరద ఇంట్లో ఫొటోలన్నీ పట్టుకుపోయింది. తండ్రి అంటే ఆమెకు మిగిలింది అమ్మ నోటి మాట ఒక్కటే.

సముద్రంలో పోయి శవం దొరకనివాళ్లకు, ఇల్లు వదిలిన రోజే తద్దినం. అందుకే ఫాన్ రాంగ్ రేవు వీధిలో తల్లీకూతుళ్లు నడిపే నాలుగు బల్లల హోటల్‌కు ఏటా ఆ రోజు సెలవు. ఈ ఏడు కూడా పెద్దల పీఠం మీద గంజి, మట్టికుండలో ఉడికించిన చేప, రొయ్యల అట్లు పెట్టి అగరొత్తులు వెలిగించారు. అవి కాలిపోయేదాకా బతికున్నవాళ్లు మెతుకు ముట్టరు.

అప్పుడు, సగం వేసిన తలుపు తోసుకుని ఒకాయన లోపలికొచ్చాడు. రంగేసిన జుట్టు, తళతళలాడే బూట్లు.

"తినడానికేముంది?"

"ఈరోజు హోటల్ లేదు బాబాయ్. మా నాన్న తద్దినం," అంది కుయెన్.

"ఎదురుగా అంత వంట పెట్టుకుని లేదంటావేం? ఈ కంపు కొట్టే కొట్టుకి సెలవులు కూడానా!" జేబురుమాలుతో కుర్చీ తుడుచుకుని మరీ కూర్చున్నాడు.

వంటగదిలోంచి వచ్చిన తల్లి థోవా గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. తిన్నగా పీఠం దగ్గరికి వెళ్లి, గంజి గిన్నె తీసి అతని ముందు పెట్టింది.

కుయెన్ అదిరిపడింది. "అమ్మా! అగరొత్తులు సగం కూడా కాల్లేదు. అది నాన్న గిన్నె!"

"తద్దినం రోజు వచ్చినవాణ్ణి గెంటకూడదే. తిననీ."

అతను ఒక చెంచా నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు. "ఇది గంజా, కుడితా? మిరియాలేవీ?"

థోవా మిరియాల సీసా తెచ్చి పెట్టింది.

"చేప చూస్తే ఉప్పు కషాయం. దీన్ని కొనుక్కుని తినేవాళ్లున్నారా ఈ ఊళ్లో?"

"ఉన్నారు," అంది కుయెన్. "వాళ్ల పుణ్యానే మా అమ్మ నన్ను నర్సు చదివిస్తోంది."

"మగదిక్కు లేని కొట్టు ఇలాగే ఏడుస్తుంది. పైన గది ఖాళీయేనా? నేనుంటే దీన్ని దారిలో పెడతా."

"అద్దెకివ్వం. ఇచ్చినా మీకివ్వం. మా నాన్న అమ్మ వంటకి ఒక్కనాడు వంక పెట్టలేదు, తెలుసా?"

అతను థోవా వైపు చూసి పళ్లికిలించాడు. "అలాగని మీ అమ్మ చెప్పిందా?"

"చెప్పింది. అలాంటి మనిషి ఈ రేవులోనే లేడు. ఆయన గిన్నె ముట్టుకోడానికి కూడా మీరు తగరు!" కుయెన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అతను చెంచా కింద పెట్టి ఏదో చెప్పబోయాడు. ఆ పిల్ల మొహం చూసి ఆగాడు. నోటిదాకా వచ్చిన మాటను గంజితో పాటు మింగేశాడు.

"చల్లారిపోతోంది, కానివ్వండి," అంది థోవా, ఈగను తోలినట్టు. "ఆఖరి బస్సు ఆరింటికి."

గిన్నె ఖాళీ చేసి లేచాడు. వాకిట్లో తటపటాయించాడు. "మళ్లీ ఎప్పుడైనా రావచ్చా?"

"ఆ గిన్నె చచ్చినవాళ్లది. బతికున్నవాళ్లకి రెండోసారి పెట్టం," అంది థోవా.

అతని బూట్ల చప్పుడు వీధి మలుపు తిరిగింది.

"ఛీ, ఏం మనిషే అమ్మా! ఏ మహాతల్లి భరిస్తోందో."

"ఎవరూ భరించట్లేదులే. అందుకే ఊళ్లమ్మట తిరుగుతున్నాడు," అంది థోవా. "పొరుగువాళ్లకి అట్లు ఇచ్చిరా. వేడిగా ఉన్నప్పుడే ఇవ్వాలి. నువ్వు దొడ్డిదారిన వచ్చెయ్, ఇక ఈ తలుపు వేసేస్తా."

కూతురు పళ్లెం పట్టుకుని వెళ్లింది. థోవా చప్పుడు కాకుండా తలుపు మూసి, ఆ రాత్రికి గడియ పెట్టింది.

పద్దెనిమిదేళ్లయినా మొగుడి నోరు మారలేదు.