ఒక్క రింగు

సైరన్ మోగేసరికి హర్షిణి చేతిలో సగం తరిగిన దోసకాయ ఉంది. షిఫ్టు మారే వేళ కాదది. పదకొండున్నరకు మోగకూడదు. మోగింది, ఆగకుండా మోగుతూనే ఉంది.

కత్తిపీట అలాగే వదిలేసి వంటింటి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. ఆ క్వార్టర్లో సిగ్నల్ దొరికేది అక్కడొక్కచోటే, కిటికీ మూడో ఊచ దగ్గర. కాపురానికొచ్చిన నాలుగో రోజున ఆమె, సంపత్ చెరో ఫోను పైకెత్తి పట్టుకుని ఇల్లంతా తిరిగి, నవ్వీ నవ్వీ కనిపెట్టిన చోటది. అప్పట్నుంచి ఆమె ఫోను ప్లాస్టిక్ కవర్లో ఆ ఊచకే వేలాడుతోంది.

గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. సంపత్ పొద్దున్నే ల్యాంపు రూం కిటికీలో ఫోను అప్పజెప్పి, నెత్తికి పెట్టుకునే లైటు తీసుకుని దిగుతాడు. పైకి రాగానే లైటు ఇచ్చేసి, ఫోను తీసుకుని, భార్యకు ఒక్క రింగిచ్చి కట్ చేస్తాడు. ఒక్క రింగంటే పైకొచ్చానని, అన్నం వేడిగా పెట్టమని. పైసా ఖర్చు లేని ఆ రింగు కోసం ఆమె రోజూ రెండున్నర నుంచే కిటికీని అంటిపెట్టుకుని నిలబడేది.

పక్కింటి ఐలవ్వ గోడ మీదుగా చెప్పింది. గనిలో పైకప్పు కూలిందట. మొదటి షిఫ్టు వాళ్లంతా లోపలే ఉన్నారట.

హర్షిణి సంపత్ నంబరు నొక్కింది. ఈ మార్గంలోని లైన్లన్నీ బిజీగా ఉన్నాయని చల్లని గొంతొకటి చెప్పింది. మళ్లీ నొక్కింది. అదే గొంతు, అదే చల్లదనం. కాలనీకి కాలనీ అంతా ఒక్కసారే నొక్కుతోంది మరి. ఉన్నదేమో ఎక్కడో బస్టాండు దగ్గర ఒక్క టవరు.

టవరు వేస్తామని ఫోను కంపెనీ వాళ్లు రెండుసార్లు వచ్చారు. నీళ్ల ట్యాంకు వెనక టేపులు పెట్టి కొలిచారు. ఇంకో అయిదారేళ్లలో ఈ కాలనీ మీదికే, నేలంతా పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్ కాస్టు గని వస్తుందని ఎవరో చెప్పగానే టేపులు చుట్టుకున్నారు. తవ్విపారేసే జాగాలో లక్షలు ఎవరు పాతిపెడతారు? ఆ రోజు అందరూ నవ్వుకున్నారు. ఫోన్లో ఒక్క గీత కావాలంటే కిటికీకి దండం పెట్టాలని సంపత్ కూడా నవ్వాడు.

ఐలవ్వ తన ఫోను తెచ్చి చూపించింది. వేరే కంపెనీది. అందులో ఆ ఒక్క గీత కూడా లేదు.

గని గేటు దగ్గరికి పోదామని ఐలవ్వ చెయ్యి పట్టుకుంది. గేటు మూడు కిలోమీటర్లు. దారంతా సిగ్నల్ ఉండదు. పోతే రింగు రాదు, పోకపోతే మనిషి సంగతి తెలియదు. హర్షిణి రెండు చేతులతో ఊచను పట్టుకుని అక్కడే ఉండిపోయింది. వీధిలో ఆడవాళ్లు కొంగులు జారుతున్నా చూసుకోకుండా ఉరుకుతున్నారు. అంబులెన్సు ఒకటి, దాని వెనకే ఇంకొకటి పోయాయి.

పన్నెండూ ఇరవైకి ఫోను మోగింది.

ఒక్క రింగు. కట్ అయింది.

తెర మీద 'సంపత్' అని ఉంది.

ఆమె నేల మీద చతికిలబడి కవరుతో సహా ఫోనును గుండెకు హత్తుకుంది. ఏడుస్తూనే నవ్వింది. ఐలవ్వ దేవుడికి దండం పెట్టి, అదే షిఫ్టులో దిగిన తన అల్లుడి సంగతి కనుక్కోవడానికి వెళ్లిపోయింది. హర్షిణి లేచి మొహం కడుక్కుని, పొయ్యి మీద ఎసరు పెట్టింది. మిగిలిన సగం దోసకాయా తరిగింది. దోసకాయ పప్పంటే ఆయనకు ప్రాణం. తాలింపులో వెల్లుల్లి నాలుగు రెబ్బలు ఎక్కువే వేసింది.

కానీ ఈ రోజు ఒక్క రింగు చాలలేదు. గొంతు వినాలనిపించింది. రూపాయి పోతే పోనీ అనుకుని మళ్లీ నొక్కింది. తొమ్మిదోసారికి కలిసింది.

“బావా, అన్నం అయింది. జల్ది రా.”

అవతల కాసేపు గాలి చప్పుడు. తర్వాత ఒక ముసలి గొంతు.

“నేను ల్యాంపు రూం ఇస్మాయిల్‌ని బిడ్డా. ఇందాక నేనే చేసిన. ఒక్క రింగుకే లైన్ కట్టయింది.”

హర్షిణి ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

“అందరు లైట్లిచ్చి ఫోన్లు తీస్కపోయిన్రు. సంపత్ ఫోను ఒక్కటే మిగిలింది. లైటు గూడ వాపస్ రాలే. రిస్క్యూ వాళ్లు దిగుతున్నరు. ఇంట్ల మగోళ్లుంటే తోలియ్యి బిడ్డా…”

లైన్ తెగిపోయింది. పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది. ఆమెకు అది తెలియలేదు. చెప్పులు వేసుకోబోతే కాళ్లు వాటిలోకి పోలేదు. గోడ పట్టుకుని, ఉత్త కాళ్లతోనే గడప దాకా వచ్చింది.

ఎదురుగా ఎవరో అడ్డం వచ్చారు. ఒళ్లంతా బొగ్గు. కళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు. రొప్పుతూ తలుపు చట్రానికి ఆనుకున్నాడు సంపత్. నెత్తి మీద లైటు పట్టపగలు వెలుగుతూనే ఉంది.

“పైకొచ్చుడుతోనే ఉరికొచ్చిన. ఈడ సిగ్నల్ సక్కగుండదాయె, నువ్వు భయపడుతవని,” అన్నాడు. “చెంబెడు నీళ్లియ్యి, మళ్ల పోవాలె. దారిల చెప్పిన్రు, ఎవడో ఒకడు కిందనే ఉండిపోయిండట, పాపం. వాన్ని ఎతకాలె.”