తాడుకి అవతలి కొస

"నువ్వు పోతే ఎంతొస్తుందని మీ తాళ్ల తాత ఇన్సూరెన్సు ఆఫీసులో అడుగుతున్నాడయ్యా!"

టీకొట్టు ఆసామి చెప్పిన ఆ మాటకి, అద్దాలు తుడిచే అతను టీ సగంలోనే వదిలేసి లేచాడు.

ఇరవై అంతస్తుల మేడ. చివరి అంతస్తు కిటికీలోంచి బయటికి దిగి, గాల్లో వేలాడుతూ అద్దాలు తుడవడం అతని పని. పైకప్పు మీద తాళ్లు చూసుకునేది తాత. చుట్టమూ కాదు, నాలుగు మాటలు కలిపే రకమూ కాదు.

అతను ఇంటికెళ్లి పెళ్లానికి చెప్పాడు.

"నిన్ను నమ్ముకుని డబ్బు పెట్టేవాళ్లు కూడా ఉన్నారా!" అంటూ ఆవిడ పడీ పడీ నవ్వింది.

అతనికి మాత్రం నవ్వు రాలేదు. తెల్లారగానే సూపర్‌వైజర్ ముందు నిలబడ్డాడు.

"ఆయన పైనుంటే నేను దిగను సార్. ఆయనో నేనో తేల్చెయ్యండి."

తాతని కింద గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఎందుకని ఆయన అడగలేదు.

"పోన్లే బాబూ, ఇన్నాళ్లకి కుర్చీ దొరికింది" అని హాయిగా కాళ్లు చాపుకున్నాడు.

అయినా అనుమానం తొలుస్తూనే ఉంది. అతను ఇన్సూరెన్సు ఆఫీసుకెళ్లాడు.

"నా మీద ఎవరైనా పాలసీ తీసుకున్నారా మేడమ్?"

ఆవిడ కంప్యూటర్‌లో వెతికింది.

"లేదండీ. ఒక పెద్దాయన వచ్చారు. 'నేను కడతాను, వాడికేమైనా అయితే పెళ్లానికీ పిల్లకీ అందాలి' అన్నారు. బంధువు కాకపోతే కుదరదని చెప్పి పంపించాం."

అతని మనసు దూదిపింజలా తేలిపోయింది. సిగ్గు కూడా వేసింది. తాతకి ఓ టీ ఇప్పించి, తప్పయిందని చెప్పేస్తే సరిపోతుందనుకున్నాడు.

మర్నాడు ఈల వేసుకుంటూ పనిలోకొచ్చాడు. తాత స్థానంలో చేరినాయన అతన్ని పైకప్పు మీదికి పిలిచాడు. అతను అక్కడికెక్కడం అదే మొదటిసారి.

"నువ్వు కూర్చునే తాడు ఈ కొక్కేనికి కట్టేశాను. అది తెగితే నిన్ను ఆపే రెండో తాడు దేనికి కట్టాలి? ఇంకో కొక్కెం లేదే?"

అతను చుట్టూ చూశాడు. నిజంగానే లేదు.

"మరి తాత దేనికి కట్టేవాడు?"

నీళ్ల ట్యాంకు బాగుచేస్తున్న ప్లంబరు తలెత్తాడు.

"దేనికేంటి? నువ్వు మళ్లీ కిటికీలోకి వచ్చేదాకా ఆ తాడు ఆయన నడుముకేగా ఉండేది!"